నాలుగో పేరు

పండుగ సెలవుల తర్వాత బడి తెరిచిన మొదటిరోజున, లెక్కల మాస్టారు రేయో వంటగది కిటికీలోంచి ఒక కాగితం లోపలికి తోశాడు. ఐలా అప్పుడు గుండిగలోకి బంగాళదుంప ముక్కలు జారవిడుస్తోంది. చేతులు తడిగా ఉన్నాయని కాగితాన్ని ముట్టుకోలేదు. మెడ సాచి చదివింది. 'పెద్ద లెక్కలు, ఆరో భాగం' అని పైన రాసి ఉంది. దాని కింద నాలుగు గీతలు. మొదటి గీత మీద సైమి పేరు, గుండ్రటి అక్షరాల్లో. మిగతా మూడూ ఖాళీ.

"ఏమిటిది, నా వంట మీద ఫిర్యాదా?" అంది.

"ఫిర్యాదైతే ఒక్క కాగితం చాలదుగా" అన్నాడు రేయో. "నీ సంతకం కావాలి."

హల్లయార్వి హైస్కూల్లో పిల్లలు పందొమ్మిది మంది. యూనివర్సిటీకి వెళ్ళాలనుకునేవాళ్ళు చివరి మూడేళ్ళూ చదివే బడి అది. రెండో ఏడాదిలో పెద్ద లెక్కలు తీసుకున్నది సైమి ఒక్కతే. మిగతావాళ్ళు బుద్ధిమంతులు, చిన్న లెక్కలతో సరిపెట్టుకున్నారు. ఇప్పుడు మునిసిపాలిటీ వాళ్ళు నలుగురు లేని క్లాసు నడపకూడదని నియమం పెట్టారు. ఆ నియమం రాసిన మనిషి చెడ్డవాడేమీ కాదు. గదులెన్నో, తలలెన్నో లెక్కవేసుకున్నాడు. సైమి అతని కాగితం మీద ఒక ఒకటి, అంతే. ఆ ఒకటి రోజూ పొద్దున్నే ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు చీకట్లో టాక్సీలో వచ్చి, తలుపు తోస్తూనే "పిన్నీ, ఇవాళేంటి?" అని అడుగుతుందని అతనికెలా తెలుస్తుంది?

"మరి పిల్ల ఏం చెయ్యాలిట?"

"ఖాళీ గదిలో తెర ముందు కూచుని, ఔలు నగరంలో ఎవరో చెప్పే పాఠం చూడాలిట. అటువైపు ముప్ఫై ఆరుమంది ఉంటారు. సందేహం వస్తే చెయ్యి బొమ్మ నొక్కాలిట."

"నొక్కితే?"

"వాళ్ళకి తీరికుంటే చూస్తారు."

ఐలా గరిటెతో గుండిగ అంచు మీద ఒక్క దెబ్బ వేసింది. కోపం వస్తే ఆమె చేసేది అంతే.

"నియమం మూడుసార్లు చదివాను" అన్నాడు రేయో, గొంతు తగ్గించి. "నలుగురన్నాడు గానీ ఎంత వయసువాళ్ళో రాయలేదు. పెద్దవాళ్ళు కూడా ఒక్క పాఠానికి పేరు రాయించుకోవచ్చు. ఇరవయ్యో తేదీన తలలు లెక్కపెడతారు. ఆ రోజుకి నాలుగు పేర్లూ ఉండి, నాలుగు తలలూ కనిపిస్తే చాలు, మార్చి దాకా క్లాసు మనదే."

"నాకు లెక్కలేం వచ్చు రేయో? ఎన్ని కిలోల క్యారెట్టు ఎంతమందికి సరిపోతుందో చెప్పమను, చెప్తా."

"రానక్కర్లేదు. వచ్చి కూచో. ఆటలో అరటిపండువనుకో."

ఐలా చేతులు తుడుచుకుని రెండో గీత మీద సంతకం పెట్టింది. బంగాళదుంప పిండి అంటుకుని కాగితం మూల కొంచెం తడిసింది.

మూడో పేరు కౌకోది. పిల్లల్ని టాక్సీలో తెచ్చి దించే మనిషి. మధ్యాహ్నం మూడింటిదాకా ఎలాగూ బండిలో కునుకు తీస్తుంటాడు, ఆ కునుకు క్లాసులో తీస్తే పెట్రోలు కలిసొస్తుందన్నాడు. నాలుగో పేరు హిల్కా బామ్మది. ఎనభై ఒక్కేళ్ళు. బడి పక్కిల్లే. "గది వెచ్చగా ఉంటుందా?" అని మాత్రం అడిగింది. ఉంటుందన్నారు. ఊలు ఉండలు సంచీలో వేసుకుని కర్ర పట్టుకు బయల్దేరింది.

*

క్లాసు రెండింటికి. ఐలా పళ్ళేలన్నీ యంత్రంలో పెట్టి, తలకున్న వల తీసేసి, ఏప్రనుతోనే వెళ్ళి వెనక బల్ల మీద కూచునేది. ఆ వేళకు కిటికీ అవతల వెలుతురంతా నీలం తిరిగిపోతుంది. మంచు నీలం, పైన్ చెట్లు నీలం, బల్లల మీద చేతులు కూడా నీలమే. ఉత్తరపు కొసనున్న ఆ ఊళ్ళో సూర్యుడు నవంబరు చివర్లో కొండ వెనక్కి వెళ్ళినవాడు ఇంకా తిరిగి రాలేదు. రేయో దీపాలు ఆలస్యంగా వేసేవాడు. ఆ వెలుతుర్లో అతని సుద్దముక్క చప్పుడూ, హిల్కా బామ్మ సూదుల చప్పుడూ కలిసిపోయి, ఎవరు ఏది చేస్తున్నారో తెలిసేది కాదు. కౌకో రెండో నిమిషంలోనే గడ్డం ఛాతీకి ఆనించేవాడు.

"కౌకో, గుర్రు పెట్టకు. పిల్లకి వినపడదు" అనేది బామ్మ.

"గుర్రు కాదు బామ్మా, ఆలోచిస్తున్నా."

సైమి నవ్వేది. మొదటి బల్ల మీద ఒక్కతీ, జుట్టు ముడికి పెన్సిలు గుచ్చుకుని కూచునేది. ఆమె ఒక ప్రశ్న అడిగితే రేయో ఆగిపోయి, బోర్డంతా చెరిపేసి, మళ్ళీ ఇంకో దారిలో వచ్చేవాడు. ఒక్కోసారి ఒక్క ప్రశ్నకే గంట గడిచేది. ఎవరికీ తొందర లేదు. సైమి నుదుటి మీద మడత విడిపోయినప్పుడు రేయో సుద్ద కింద పెట్టేవాడు. ఆ మడత ఎప్పుడు విడిపోతుందో వెనక బల్ల మీంచి ఐలాకి కూడా తెలిసిపోయేది. పదిహేడేళ్ళ ఆ పిల్లకి ఉల్లిపాయ పడదనీ, పరీక్షలప్పుడు పాలు రెండు గ్లాసులు తాగుతుందనీ తెలిసినట్టే.

నాలుగో రోజున రేయో బోర్డు మీద ఒక గీత గీశాడు. ఎత్తులో మొదలై, గభాలున కిందికి దిగి, తర్వాత మెల్లగా, ఇంకా మెల్లగా చదునైపోయే గీత. "ఇది ఎంత దిగిందన్నది కాదు" అన్నాడు. "ఇదిగో, ఈ చుక్క దగ్గర, సరిగ్గా ఈ క్షణంలో, ఎంత జోరుగా దిగుతోంది? అదీ మనకి కావలసింది."

"అది నా సూపు" అంది ఐలా.

అనేశాక గాని తను నోరు విప్పినట్టు తెలియలేదు. సూదులు ఆగాయి. కౌకో కళ్ళు తెరిచాడు. ఐలా చెవులు ఎర్రబడ్డాయి.

"ఏ సూపు?" అన్నాడు రేయో, చాలా శ్రద్ధగా.

"మిగిలిన సూపు వెనక మెట్ల మీద మంచులో పెడతాను కదా. అరగంటకోసారి ఎంత చల్లారిందో రాసుకోవాలి, తనిఖీ వాళ్ళ కోసం. ఎనభై రెండు. తర్వాత అరవై ఒకటి. నలభై ఏడు, ముప్ఫై ఎనిమిది, ముప్ఫై రెండు. మొదట దూకుతుంది. తర్వాత నత్తలా నడుస్తుంది. ఇరవయ్యేళ్ళ నుంచి రాస్తున్నా. ఎందుకలా అని ఎవర్నీ అడగలేదు."

రేయో ఆ అంకెలు బోర్డు మీద రాశాడు. ఒక్కోదాని కిందా ఒక్కో చుక్క. చుక్కలు కలిపితే అతని గీతే వచ్చింది. సైమి వెనక్కి తిరిగి ఐలాని చూసింది, ఇదివరకెప్పుడూ చూడనట్టు. ఐలా తన చేతుల్ని చూసుకుంది. ఇరవయ్యేళ్ళుగా ఆ చేతులు రాస్తున్నది ఇదా!

ఆ తర్వాత నుంచి ఆమెకి ప్రతిదీ వాలుగా కనిపించడం మొదలైంది. కప్పు మీంచి జారే మంచు. జగ్గులోంచి గ్లాసులోకి పడే పాలు. కౌకో బండి మలుపు దగ్గర నెమ్మదించడం. గుండిగ ముందు నిలబడి గరిటె తిప్పుతూ, ఆవిరి లేచే జోరును కళ్ళతో కొలుస్తూ ఉండిపోయేది. ఒకసారి జావ అడుగంటింది. రేయో ఇచ్చిన పాత పుస్తకాన్ని పిండి డబ్బాల వెనక దాచుకుంది. తనిఖీ కాగితాలు ఒకవైపే అచ్చు వేస్తారు. వెనకవైపు ఖాళీ. పని మధ్యలో నిలబడే అక్కడ లెక్కలు చేసుకునేది. ఎవరికీ చెప్పలేదు. యాభై ఏడేళ్ళ వయసులో ప్రేమలో పడ్డ మనిషి ఎలా దాచుకుంటుందో అలా దాచుకుంది.

*

గురువారమంటే బఠాణీ సూపు, పొయ్యిలో కాల్చిన తియ్యట్టు. ఆ దేశంలో ఏ బడికెళ్ళినా అంతే. అట్టు మీద స్ట్రాబెర్రీ జామ్ వేసుకోవడానికి పిల్లలు వరసలో తోసుకుంటారు. ఆ గురువారం సైమి సూపు సగం గిన్నె పోయించుకుంది. గట్టిరొట్టె తీసుకోలేదు. అట్టు దగ్గర ఆగకుండా వెళ్ళిపోయింది.

ఐలా కిటికీలోంచి చూసింది. తొమ్మిదొందల మంది తినే చోట అట్టు వద్దన్న పిల్లని ఎవరు చూస్తారు? ఇక్కడ పందొమ్మిది ముక్కలు కోస్తే ఒక ముక్క మిగిలిపోయింది. ఆ ముక్కని వేరే పళ్ళెంలో పెట్టి పక్కకి పెట్టింది.

అందరూ వెళ్ళాక సైమి పళ్ళెం ఇవ్వడానికి వచ్చి, వెళ్ళకుండా గుమ్మంలో నిలబడింది.

"తుడుస్తావా?" అని ఐలా గుడ్డ విసిరింది. సైమి పట్టుకుని గరిటెలు తుడవడం మొదలుపెట్టింది. తుడిచిందే మళ్ళీ తుడిచింది.

"అదిక అరిగిపోతుంది" అంది ఐలా. "చెప్పు."

"ఔలులో సీటు వచ్చింది పిన్నీ. డిసెంబరులో రాశాను, ఇక్కడ క్లాసుండదన్నప్పుడు. ఫిజిక్సు ప్రయోగశాల ఉన్న బడి. సోమవారం నుంచి రమ్మన్నారు. పెద్దమ్మ వాళ్ళింట్లో ఉండొచ్చు."

"ఉత్తరం ఎప్పుడొచ్చింది?"

"తొమ్మిది రోజులైంది."

"తొమ్మిది రోజుల నుంచి మింగుతున్నావా దాన్ని? మీ అమ్మేమంది?"

"నీ ఇష్టం అంది. అమ్మ అంతే కదా." సైమి గరిటె వంక చూస్తూనే ఉంది. "నేను వెళ్తే మీరు ముగ్గురవుతారు. క్లాసు ఆగిపోతుంది. మీరందరూ నా కోసం సంతకం పెట్టారు. హిల్కా బామ్మ ఈ చలిలో కర్రేసుకుని వస్తోంది. వెళ్తానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఆ క్షణంలో ఐలా అనవలసిన మాట ఒక్కటే. వెళ్ళు తల్లీ. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, అక్కడ ఆగిపోయింది. పిండి డబ్బాల వెనక పుస్తకంలో ఆమె నూట పన్నెండో పేజీలో ఉంది. రేపు కొండ శిఖరం లెక్క చెప్తానన్నాడు రేయో. శిఖరం మీద వాలు సున్నా అవుతుందిట, అది ఎందుకో చెప్తానన్నాడు.

"చూద్దాంలే" అంది ఐలా.

అని గుండిగ వైపు తిరిగి, అడుగున ఏమీ లేకపోయినా పీచుతో గట్టిగా తోమింది. వెనక సైమి గుడ్డ మడిచిపెట్టి వెళ్ళిపోయిన చప్పుడు వినబడింది. ఐలాకి సిగ్గేసింది. పిల్లకి దారి కావాలని పెట్టిన సంతకం, ఇప్పుడు పిల్ల కాలికి తాడైంది. ఆ తాడు రెండో కొస తన చేతిలో ఉంది. తను దాన్ని వదల్లేదు. మిగిల్చిన అట్టు ముక్క బల్ల మీదే ఎండిపోయింది.

*

శుక్రవారం పన్నెండుకు పది నిమిషాలుందనగా రేయో వసారాలో గంట మోగించాడు. పాఠాలన్నీ ఆగిపోయాయి. ఏటా అంతే. కొండ భుజం మీద సూర్యుడు తిరిగి కనిపించే రోజు బడి మొత్తం పెరట్లోకి వస్తుంది. పందొమ్మిది మంది పిల్లలు, నలుగురు టీచర్లు, కౌకో, గుమ్మంలో కుర్చీ వేసుకుని హిల్కా బామ్మ. ఐలా ఏప్రను మీద కోటు వేసుకుని వచ్చింది. ఇరవై ఎనిమిది డిగ్రీల చలి, సున్నాకి కిందవైపు. అందరి ఊపిరీ పొగలై పైకి వెళ్ళి ఒకటిగా కలిసిపోయింది.

మొదట కొండ అంచు గులాబీ రంగైంది. తర్వాత ఒక నారింజ తొన. అది పెరిగి, పెద్ద గుడ్డు సొనలా అంచు మీద కూచుంది. పైన్ చెట్ల నీడలు మంచు మీద పొడుగ్గా పరుచుకున్నాయి. ఎనిమిది వారాల తర్వాత నీడలు! మొదటి ఏడాది పిల్లవాడొకడు తన నీడకి చెయ్యి ఊపాడు.

సైమి కంచె దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. ఐలా వెళ్ళి పక్కన నిలబడింది. ఇద్దరూ సూర్యుణ్ణే చూశారు. ముఖం చూడకుండా మాట్లాడటం ఆ ఊళ్ళో తేలిక.

"నిన్న నేను చెప్పాల్సింది చెప్పలేదు" అంది ఐలా. "సోమవారం వెళ్ళు."

"మరి..."

"మరీ గిరీ లేదు. మేం సంతకం పెట్టింది నువ్వు చదువుకోవాలని. ఇక్కడ కట్టేసి కూచోబెట్టాలని కాదు. కౌకో బండిలో పడుకుంటాడు. బామ్మకి ఇంట్లో పొయ్యి ఉంది. మేం అరటిపండ్లం. మాకేం?"

సూర్యుడు అప్పుడే కిందికి జరగడం మొదలుపెట్టాడు.

"నువ్వు అరటిపండువి కాదు పిన్నీ" అంది సైమి. "నీ తనిఖీ కాగితాల వెనకవైపు చూశాను నిన్న. గరిటెలు తుడుస్తున్నప్పుడు."

ఐలా కంచె మీది మంచు దులిపింది. "అది ఊరికే. కాలక్షేపం."

"అయిదో దాంట్లో గుర్తు తప్పేశావు. దిగుతుంటే మైనస్ పెట్టాలి. తక్కినవన్నీ కరెక్టే." సైమి ఊలు చేతితొడుగు తీసి ముక్కు తుడుచుకుంది. "నేను వెళ్తే నీ క్లాసు పోతుంది."

"నా క్లాసేమిటి, ముసలిదాన్ని. నాకు క్యారెట్లున్నాయి" అంది ఐలా. పదకొండు నిమిషాలకి సూర్యుడు కొండ వెనక్కి దిగిపోయాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు, మంచి ఆట చూసినట్టు. ఐలా లోపలికి వెళ్ళి చేపల కూర కలిపింది. ఉప్పు ఎక్కువైందని ఆ రోజు ఎవరూ అనలేదు, కానీ ఎక్కువైంది.

*

ఆదివారం మధ్యాహ్నం బస్సులో సైమి వెళ్ళిపోయింది. బస్సు బడి ముందునుంచే వెళ్తుంది. ఐలా ఆ వేళకి అక్కడ ఏదో పనున్నట్టు మెట్ల మీద మంచు తోస్తూ నిలబడింది. బస్సు కిటికీలోంచి ఒక చెయ్యి కనిపించింది. మలుపు దాకా ఊగుతూనే ఉంది.

సోమవారం, ఇరవయ్యో తేదీ. ఐలా రెండింటికి తలకున్న వలా ఏప్రనూ రెండూ తీసేసింది. పిండి డబ్బాల వెనకనుంచి పుస్తకం తీసి, అట్ట మీది పిండి తుడిచింది. తిరిగి ఇచ్చెయ్యాలి కదా. మడిచిపెట్టుకున్న కాగితాలు మాత్రం జేబులో పెట్టుకుంది, అవి వంటగదివి కాబట్టి. అందులో నిన్న ఇంట్లో చేసిన లెక్కలున్నాయి. పోయే క్లాసుకి ఇంటిపని ఎందుకు చేసిందో ఆమెనే అడగాలి.

గదిలో హిల్కా బామ్మ, కౌకో అప్పటికే ఉన్నారు. బామ్మ సూదులు బయటికి తియ్యలేదు. కౌకో మేలుకునే ఉన్నాడు. మొదటి బల్ల ఖాళీగా ఉంది. గది అంత పెద్దదని ఐలా అప్పటిదాకా గమనించలేదు.

"అయిపోయిందేమో మన కాలేజీ చదువు" అన్నాడు కౌకో. ఎవరూ నవ్వలేదు. "నిజం చెప్పనా? ఆ గీత నాకూ కొంచెం కొంచెం అర్థమవుతోంది ఈమధ్యే. బండికి బ్రేకు వేసేటప్పుడు."

"పడుకునే విన్నావా అంతా?" అంది బామ్మ.

హెడ్మిస్ట్రెస్ మిర్వా కాగితం, కలం పట్టుకుని లోపలికి వచ్చింది. ప్రతి గదికీ వెళ్ళి తలలు లెక్కపెట్టి మునిసిపాలిటీకి పంపాలి ఆమె. కఠినురాలు కాదు. కానీ లేని తలని ఉన్నట్టు రాసే మనిషీ కాదు.

"ఇక్కడ ముగ్గురు" అంది నెమ్మదిగా. "క్షమించండి. నలుగురుండాలి."

"ఒక్క నిమిషం" అన్నాడు రేయో. బీరువాలోంచి పాత కంప్యూటరు తీసి, మొదటి బల్ల మీద, సైమి కూచునే చోట పెట్టి, తీగ తగిలించాడు. తెర మీద ముందు ఏమీ లేదు. తర్వాత మెట్లు కనిపించాయి. మెట్ల మీద ఎన్నెన్నో కాళ్ళు ఎక్కుతూ దిగుతూ. వాటి మధ్య గోడకి ఆనుకుని, ఒళ్ళో పుస్తకంతో సైమి. జుట్టు ముడికి పెన్సిలు.

"హాజరు" అంది సైమి. "వినబడుతోందా? ఇక్కడ చాలా గోలగా ఉంది."

"నువ్వు ఇప్పుడు ఆ బడి పిల్లవి కదమ్మా" అంది మిర్వా.

"అవును. ఫిజిక్సూ, కెమిస్ట్రీ ఇక్కడ. లెక్కలు మాత్రం నా పాత బడిలోనే చేస్తానని పొద్దున రాసిచ్చాను. అలా చెయ్యొచ్చుట. ఇక్కడివాళ్ళు సంతకం పెట్టేశారు. మాస్టారికి పంపాను."

రేయో జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. "నియమం మళ్ళీ మూడుసార్లు చదివాను" అన్నాడు మిర్వాతో. "నలుగురన్నాడు గానీ ఎక్కడ కూచోవాలో రాయలేదు. వాళ్ళ పాఠం మనం తెర మీద చూడొచ్చని వాళ్ళే అన్నారు కదా. మన పాఠం వాళ్ళ దగ్గర చూడకూడదని ఎక్కడుంది?"

మిర్వా కాగితం చదివింది. తెరని చూసింది. వెనక బల్ల మీద, పుస్తకాన్ని రెండు చేతులతో గుండెకి పట్టుకుని కూచున్న వంటమనిషిని చూసింది. కలం మూత తీసి ఒక అంకె వేసి, సంతకం పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. బామ్మ సూదులు బయటికి తీసింది.

"పిన్నీ" అంది సైమి తెరలోంచి. "ఇంటిపనిలో మూడో లెక్క నాకు కుదరలేదు. నీకెంత వచ్చింది?"

సైమికి కుదరని లెక్క ఆ పుస్తకంలో లేదని ఐలాకి తెలుసు. రేయోకి తెలుసు. కౌకోకి కూడా తెలుసు. ఐలా కళ్ళద్దాలు పెట్టుకుంది. జేబులోంచి తనిఖీ కాగితం తీసి, వెనక్కి తిప్పి, బల్ల మీద అరచేత్తో సాపు చేసింది.

"మైనస్ రెండు" అంది. "ఈసారి గుర్తు చూసుకున్నాను."